చెప్పులెరుగని తోట

కిందటి వారం సారక్కను మనం చాందా దవాఖాన వరండాలో, కోడలి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న చోట వదిలి వచ్చాం. కోడలు జయకు ఏడో నెల. విరూర్ స్టేషన్‌లో రైలెక్కబోతూ సొమ్మసిల్లి పడింది. "సిర్పూర్ పోదాం, ఆ దిక్కు అందరు మనోళ్లే" అని జయ భర్త, సారక్క చిన్నకొడుకు ఆశన్న అంటే, "మనోళ్లని మందులు ఉత్తపుణ్యానికిస్తరార? పెద్ద దవాఖాన ఉన్నది చాందాల, చాందాకే పోదాం" అని సారక్క గద్దించి బండెక్కించింది. లేడీ డాక్టరు జయను చూసి, ఒంట్లో రక్తం లేదని, వేరే మనిషి రక్తం ఎక్కించాలని చెప్పి, ముగ్గురి వేళ్లూ సూదితో గుచ్చి బొట్టు బొట్టు తీసుకుపోయింది. అక్కడ ఆగాం.

సారక్క సంగతి కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పాలి. ఆమెది ఆకుతోట. విరూర్ అవతల వాగు ఒడ్డున, అవిశె చెట్లకు పాకించిన తమలపాకు తీగలు. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా, చీకటిగా, నేల మెత్తగా ఉంటుంది. భర్త పోయాక ఆ తోటను ఒంటి చేత్తో నిలబెట్టిందామె. తోటతల్లి ఉండే చోటని, ఆ తోటలోకి చెప్పులతో అడుగు పెట్టకూడదు. ఒకసారి కొలతలకు వచ్చిన తహసీల్దారు చేత కూడా బూట్లు విప్పించింది. అప్పుడు విరూర్ ఉన్న రాజూరా తాలూకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. తర్వాత నాందేడ్‌లో కలిసింది. ఇప్పుడు, ఇంకా చంద్రపూర్ అని పేరు మారని ఈ చాందాలో కలిసింది. జిల్లాలు మారాయి, సర్కారు భాష మారింది, సారక్క కట్టుబాటు మాత్రం కదల్లేదు.

ఆ కట్టుబాటుకే పెద్దకొడుకు ప్రహ్లాద్ దూరమయ్యాడు. రైల్వేలో పని దొరికిన కొత్తలో, ఒకనాడు డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే గాలివాన పట్టుకుంది. అవిశె చెట్లు ఒరుగుతున్నాయని బూట్లతోనే తోటలోకి ఉరికి, చెట్లకు మోకులు కట్టి నిలబెట్టాడు. చెట్లు నిలిచాయి. కాని నెల తిరక్కుండా తీగకు కుళ్లు పట్టింది. "నీ బూట్లే ముంచినయ్. నా గడప తొక్కకు" అంది సారక్క. వాడు బల్లార్షా దగ్గర బామ్నిలో గది తీసుకుని అక్కడే ఉండిపోయాడు. ఆనాటి నుంచి బర్రె పాలు తగ్గినా బూట్ల పాపమే, ఆశన్నకు ఆయాసం వచ్చినా బూట్ల పాపమే.

మరుసటేడు తోట మళ్లీ చిగురించింది. చిత్రమేమిటంటే, వాగు పక్క చివరి సాళ్లలో కొన్ని పొద్దుల్లో తీగలు జమ్ము గడ్డితో ముచ్చటగా కట్టి కనబడేవి. కట్టింది సారక్క కాదు, ఆశన్న తాను కాదంటాడు. తోటతల్లే స్వయంగా వచ్చి కడుతోందని సారక్క నమ్మింది. మొదటి కోత ఆకులు ఆ సాళ్లలోనే పెట్టి మొక్కేది.

ఇక ఈ పొద్దుటి సంగతి.

డాక్టర్ ప్రభావతి పిలుస్తున్నదని నర్సు చెప్పగానే సారక్క కొంగు దులుపుకుని లేచింది. ఈ డాక్టరు చాందా బజార్లో బట్టల దుకాణం నడిపే తెలుగువాళ్ల ఆడపడుచు. చదువు మరాఠీలో, ఇంగ్లీషులో. తెలుగు మాత్రం వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చింది, అందుకే అందులో మందుల పేర్లకంటే వంటింటి మాటలు ఎక్కువ. సారక్కకు మొదటి రోజే ఆమె నచ్చింది. నచ్చినవాళ్లతోనే కదా సారక్క ఎక్కువ కొట్లాడేది.

"డాక్టరమ్మా, సూదులు తయారు చేసినవా? నాది తీస్కో రక్తం," అంది గదిలో అడుగుపెడుతూనే, జబ్బ చాపి. "గా ఆశన్న సన్నపోడు, వాణ్ని ఇడిచిపెట్టు. తోట పని చేసిన పాణం నాది, ఎంత కావాల్నో గంత గుంజు."

"కూసోండ్రి పెద్దమ్మా. మీది పనికి రాదు."

సారక్క జబ్బ గాలిలోనే ఆగిపోయింది. "ఏందీ? నా రక్తం ఏం తప్పు చేసింది?"

"తప్పేం లేదు, పలుచబడ్డది. ఆశన్నది గూడ గంతే. మీకే మందు కావాలె, ఇంకొకరికి ఏం ఇస్తరు?"

"నాది పలుచననా? ఆకుల గంప నెత్తిన పెట్టుకొని టేషన్ దాక నడుస్త నేను!"

"నడిచి, టేషన్ల కూసొని దమ్ము తీస్తరా?"

"తీస్త. వయసు కాదా."

"మరి ఆశన్నకు ఏ వయసొచ్చింది?"

దానికి సారక్క దగ్గర బూట్ల పాపం అనే జవాబు సిద్ధంగా ఉంది. కాని అది చెప్పనివ్వలేదు డాక్టరు. ప్రభావతి నవ్వి, కిటికీ దగ్గర బల్ల మీదున్న మైక్రోస్కోపు దగ్గరికి ఆమెను చేయి పట్టుకుని తీసుకుపోయింది. "నేను చెప్తె మీరు నమ్మరు. మీ కండ్లతోనే చూడుండ్రి. ముందుగాల నా రక్తం చూపిస్త."

ఒక కన్ను మూసి రెండో కన్ను గొట్టానికి ఆనించడం అనుకున్నంత తేలిక కాదు. సారక్క మొదట రెండు కళ్లూ మూసింది. తర్వాత తన రెప్ప వెంట్రుకలే చూసి, "గడ్డి ఉన్నది" అంది. డాక్టరు తల పట్టి సరిచేశాక ఒక్కసారిగా వెలుతురు నిలిచింది. గుండ్రంగా, లేత ఎరుపులో, ఒకదాని పక్కన ఒకటి.

"గారెలు!" అంది సారక్క.

"ఏంది?"

"గారెలు డాక్టరమ్మా! పళ్లెం నిండ పోసినట్టున్నయ్. నడుమ వేలు పెట్టి ఒత్తినట్టు గూడ ఉన్నది."

ప్రభావతి పకపక నవ్వింది. "మా కాలేజీల ఎవరు గింత మంచిగ చెప్పలే. అవి ఎర్రకణాలు. మనం పీల్చిన గాలిని ఊపిరితిత్తులల్ల ఎత్తుకొని, కాలిగోరు దాక మోసుకపోతయ్. గర్భంల పిల్లకు గూడ అవి తెచ్చిన గాలే దిక్కు. ఇగ ఇది చూడుండ్రి." గొట్టం కింద గాజుముక్క మార్చింది.

సారక్క చూసి మూతి విరిచింది. "ఇవి ఎవరో పీనాసిదాని ఇంటి గారెలు. పిండి లేదు. సన్నటి అంచు, నడుమ అంత బొక్కనే. చిన్నయి, వంకరయి. గిట్లాటియి చుట్టాలకు పెడితె మళ్ల రారు."

"అది జయ రక్తం పెద్దమ్మా."

సారక్క మొహంలో నవ్వు ఆరిపోయింది. కన్ను మాత్రం తీయలేదు. పిల్ల రాత్రంతా దిండ్లకు ఆనుకుని ఎందుకు కూర్చుంటుందో, నీళ్ల బిందె ఎత్తి గడపలోనే ఎందుకు దించుతుందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. తాను 'మెత్తది' అని ఆడిపోసుకున్న మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఆ బొక్క గారెలు ఇద్దరికి గాలి మోయాలి మరి.

"గీ నడుమ ఒకటి పెద్దగున్నది, తెల్లగ, కడుపుల ఊదా బొట్లు," అంది కాసేపటికి, గొంతు తగ్గించి. "రక్తంల తెల్లది కలిసిందా? పాలల్ల నీళ్లు కలిసినట్టా?"

"కాదు కాదు. తెల్లయి గూడ ఉండాలె. అవి కావలోళ్లు. మీ తోటకు పందులు రాకుండ కావలి కాస్తరు కద, గట్ల ఒంట్లకు రోగం రాకుండ కాస్తయ్. పుండు అయితె చీము పడతది చూడుండ్రి, అందుల చానమట్టుకు కొట్లాడి సచ్చిన కావలోళ్లే."

సారక్క దీనికి నిజంగా కదిలిపోయింది. ఇన్నాళ్లూ ఛీ అనుకుంటూ తుడిచి పారేసిన చీములో అంత కథ ఉందా! "పాపం," అంది మనసారా.

"అందరు ఒక తీరు ఉండరు. సూక్ష్మ క్రిములను పట్టేటోళ్లు ఉంటరు, ఇంకో తీరోళ్లు ఉంటరు. గీయన్ని చూడుండ్రి, ఒంటి నిండ ఎర్రటి గింజలు. ఈయన మామూలుగ నూటికి ఇద్దరో ముగ్గురో ఉంటడు. మీ ముగ్గురి రక్తంల ఎక్కడ చూసినా ఈయనే. ఈయన గింతమంది అయిండ్రంటె కడుపుల పురుగులున్నట్టు లెక్క. మలం గూడ పరీక్ష చేసినం. పురుగు గుడ్లు ఉన్నయ్. కొంకి మూతి పురుగులు, దారమంత ఉంటయ్. పేగుకు కరుచుకొని దినాం రక్తం తాగుతయ్."

"ఏం తింటె వస్తయ్? నా ఇంట్ల నేను తోమకుండ గిన్నె పొయ్యెక్కది!"

"తింటె కాదు. కాలి నుంచి ఎక్కుతయ్." ప్రభావతి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "తడి నేలల, నీడల, కండ్లకు ఆనని పిల్ల పురుగులుంటయ్. ఒట్టి కాలు పెడితె తోలుల నుంచి దూరుతయ్. దూరినకాడ దురద. వేళ్ల సందులల్ల పొక్కులు లేస్తయ్. మీకు ఎన్నడన్న లేచినయా?"

సారక్క కాళ్లు రెండూ చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.

ఆ పొక్కుల గురించి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? ఆకుతోటల వాళ్లకు అదొక వేడుక. కొత్తకోడలు మొదటి వానాకాలం తోటలో దిగాక, కాలివేళ్ల మధ్య దురదపెట్టి పొక్కులు లేస్తే, తోటతల్లి పిల్లను ఒప్పుకున్నదని అర్థం. అప్పుడు అత్త కోడలి కాళ్లు కడిగి, వేళ్ల సందుల్లో పసుపు పెట్టి, కొత్త రవికె గుడ్డ పెట్టాలి. సారక్కకు వాళ్లత్త పెట్టింది. నిరుడు వానల్లో జయకు సారక్క పెట్టింది. పొక్కులు ఆలస్యంగా లేస్తున్నాయని వారంరోజులు వరుసగా పిల్లను బురద సాళ్లలోకి పంపింది కూడా.

పంపింది నేనే, అనుకుంది. ఆ తలపును తోసేయడానికి సారక్కకు తెలిసిన దారి ఒక్కటే, కోపం.

"అంటె ఏందమ్మా నీ మాట? మా తోటతల్లి పురుగుల పుట్టనా? తరతరాల సంది అన్నం పెట్టిన తల్లి మా రక్తం తాగుతున్నదా? రేపటి సంది బూట్లేసుకొని టకటక పొమ్మంటవా లోపలికి?"

"తోటను నేనేమనలే. తోటల పనిచేసేటోళ్లు పొద్దుగాల చెంబు పట్టుకొని ఎక్కడికి పోతరు?"

"వాగు గట్టుకు."

"వానకు ఆ గట్టు మీది మురికి ఎటు కొట్టుకొస్తది?"

సారక్క కళ్లముందు గట్టు కనిపించింది. దాని వాలు కనిపించింది. వాలు కింద మెత్తటి నల్లటి నేలలో తన ఆకుతోట కనిపించింది.

"తోటతల్లి చెప్పులొద్దన్నదేమో పెద్దమ్మా. తన పక్కన గట్ల కూసొమ్మని మాత్రం చెప్పలే," అంది ప్రభావతి మెల్లగా. "ఆమె మర్యాద మీరే తీసిండ్రు."

ఇంకెవరైనా ఆ మాట అంటే సారక్క కుర్చీ ఎత్తేది. కాని మాటలో న్యాయం ఉంటే ఆమెకు వెంటనే తెలిసిపోతుంది. అదే ఆమెకున్న పెద్ద ఇబ్బంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "సరే. ఇప్పుడు నా పిల్ల ఎట్ల బతుకుతదో చెప్పు," అంది.

"మీకు, ఆశన్నకు పురుగుల మందు, ఇనుము గోలీలు ఇస్త. మీ గారెలకు పిండి అదే. జయకు ఇప్పుడే పురుగుల మందు ఇయ్యలేను, తట్టుకోదు. కాన్పు అయినంక ఇస్త. ఇయ్యాల మాత్రం మంచి రక్తం పడాలె. గీ రక్తంతోని కాన్పుకు పోతె ఇద్దర్ల ఎవరికి నేను మాట ఇయ్యలేను. నా రక్తం జయ రక్తంతోని జోడు కుదరలే, చూసిన. బజార్ల అడిగిపిస్తె ఒక్కరు రాలే, ఒకసారి ఇచ్చిన రక్తం మళ్ల రాదని అందరికి భయం. జయ తల్లిగారింటోళ్లు జివతి గుట్టల మీద ఉన్నరంటిరి. కబురు పోయి మనుషులు దిగేదాక ఆగలేం." ఆమె సారక్క కళ్లలోకి చూసింది. "మీ ఇంట్ల కాలికి తొడుక్కొని నడిచేటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆశన్న తల వంచుకున్నాడు. సారక్క లేచి కోడలి దగ్గరికి నడిచింది.

జయ మంచం మీద వెనక్కి ఆనుకుని ఉంది. పెదవులు పిండిలా ఉన్నాయి. అత్త మొహం చూసి, "డాక్టరమ్మ మీద గెలిసినవా అత్తమ్మా?" అంది.

"ఓడిన," అంది సారక్క. మంచం అంచున కూర్చుని, కోడలి పాదాలు ఒళ్లోకి తీసుకుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. గారెలు, కావలోళ్లు, కొంకి మూతి పురుగులు, గట్టు, పొక్కులు, అన్నీ. "నిన్ను బురదలకు తోలింది నేనే బిడ్డా. పసుపు పెట్టి మరీ తోలిన."

జయ అత్త చేతి మీద చేయి వేసింది. "నా కాళ్లకు పసుపు పెట్టిననాడు నువ్వు నవ్వినవు అత్తమ్మా. పెండ్లయినంక నన్ను చూసి నువ్వు నవ్వింది గదే మొదలు. పురుగులు పోవాలె గని, గా నవ్వు నాకు ఉండనియ్యి."

సారక్క ఏడ్చింది. దాచుకోలేదు. పక్కమంచాల వాళ్లు చూస్తున్నా దాచుకోలేదు. ఆ ఏడుపులో బాధ ఎంతో తృప్తీ అంతే ఉంది, ఇంత మంచి పిల్ల తన ఇంటికి వచ్చిందని.

"బావను పిలువు అత్తమ్మా," అంది జయ నెమ్మదిగా.

ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. సారక్క కళ్లు తుడుచుకుని, "ఆశన్నా!" అని వార్డంతా అదిరేలా పిలిచింది. "బామ్నికి పో. మీ అన్నను తోలుకరా. అవ్వ పిలుస్తున్నదని చెప్పు." అంతలోనే ఇంకో మాట కలిపింది. "బూట్లు ఇడువద్దను. బూట్లతోనే రమ్మను."

వెనకే వచ్చిన ఆశన్న కదల్లేదు. కాళ్లు మార్చి నిలబడ్డాడు. "బామ్నికెందుకే అవ్వా? జయ టేషన్ల పడ్డదని విని, అన్న నిన్నటి సంది గేటు కాడ్నే ఉన్నడు. నువ్వు రమ్మంటె తప్ప రానన్నడు."

సారక్క లేచిన ఊపుకు మంచం పక్కనున్న స్టూలు కింద పడింది.

దవాఖాన గేటు పక్కన, టాంగాలు ఆగేచోట, గోడకు ఆనుకుని ప్రహ్లాద్ నిలబడి ఉన్నాడు. ఖాకీ నిక్కరు, ఎండకు కమిలిన మొహం. తండ్రి భుజాలు వాడివి. బూట్లు రెండూ లేసులు ముడేసి భుజానికి వేలాడుతున్నాయి. తల్లిని చూసి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బూట్లే పట్టుకున్నాడు.

"ఎందుకురా ఇప్పినవ్? ఏసుకో!" అంది సారక్క. రెండేళ్ల తర్వాత కొడుకుతో మాట్లాడిన మొదటి మాట అది. మాట గట్టిగానే వచ్చింది కాని చేయి వాడి చెంప మీద మెత్తగా పడింది. "ఏసుకో కొడుకా. నీ బూట్లే ఇయ్యాల నా ఇల్లు నిలబెట్టాలె."

వాడు కిందికి వంగాడు. సారక్క చూపు కూడా వాడితోపాటే కిందికి దిగింది. దిగి, వాడి పాదాల దగ్గర ఆగిపోయింది.

వేళ్ల సందుల్లో పొక్కులు. పొక్కుల మీద పసుపు.

"ఏందిర ఇది?"

ప్రహ్లాద్ గబుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు. పక్కనున్న ఆశన్న ఇక ఆపుకోలేకపోయాడు. "సెలవు దొరికిన వారమల్ల చీకట్లనే రైలు దిగుతడే అవ్వా. బూట్లు గట్టు మీద పెట్టి ఒట్టి కాళ్లతోని తోటల పోతడు. చివరి సాళ్లు కట్టేది అన్ననే. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు ఏపిచ్చుకున్నడు."

ఇన్నాళ్లూ తాను మొక్కిన తోటతల్లి, మీసాలు పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. నవ్వు వచ్చింది, కన్నీళ్లు వచ్చాయి, రెండూ కలిసి దగ్గు వచ్చింది. కొడుకు తలను రెండు చేతులతో లాక్కుని నుదురు ముద్దుపెట్టుకుంది. ఆ క్షణంలో ఆమెకు ఈ లోకంలో కొరత లేదు. మరుక్షణం డాక్టరు మాట గుర్తొచ్చింది. పొక్కులు లేచాయంటే పురుగు లోపలికి దూరినట్టే కదా. ఉన్న ఒక్క మంచి రక్తం కూడా తోట దారి పట్టిందేమో!

వాడి చేయి వదలకుండా ఈడ్చుకుంటూ డాక్టరు గదికి పరుగెత్తింది. ప్రభావతి వాడి మొహం చూసింది, పాదాలు చూసింది, ఏమీ అడగలేదు. ముందు వాడి బొట్టును జయ బొట్టుతో కలిపి చూసి, "జోడు కుదిరింది," అంది. తర్వాత ఇంకో బొట్టు గాజు మీద పరిచి, రంగు పోసి, కడిగి, ఆరబెట్టింది. అది ఆరేదాకా గదిలో ఎవరూ కుర్చీలో కూర్చోలేదు.

డాక్టరు గొట్టంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తల ఎత్తి, "రాండ్రి పెద్దమ్మా. ఇప్పుడు మీకు చదువొచ్చింది కద, మీరే చెప్పుండ్రి," అంది. ఆమె మొహంలో ఏముందో సారక్కకు అంతుపట్టలేదు.

ఈసారి సారక్క తడబడలేదు. ఒక కన్ను మూసి, రెండోది గొట్టానికి ఆనించింది. వెలుతురు నిలిచింది. మొట్టమొదట కంటబడింది ఒంటి నిండా ఎర్రటి గింజలున్న ఆ కావలివాడే.

సారక్క వాడి చుట్టూ ఉన్న గారెల కోసం చూసింది, పిండి నిండుగా ఉందా, నడుమ అంతా బొక్కేనా అని.